తూర్పుకు పొంగిన పాలు

కోటిరత్నం కాపురానికి వచ్చేటప్పుడు సారెలో పెట్టెలూ బిందెలూ తెచ్చుకుందో లేదో గాని, అనుమానాన్ని మాత్రం తప్పకుండా తెచ్చుకుంది. ఈ మాట ఆమె మొగుడు నాగేశ్వర్లుది. ఆమె వినేట్టు మాత్రం ఎన్నడూ అనలేదు. గిద్దలూరు స్టేషను రోడ్డులో వాళ్లది పాలకోవా దుకాణం. ముందు గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చుంటాడు, వెనక వంటశాలకూ సరుకుల గదికీ మధ్య ఆమె తిరుగుతూ ఉంటుంది. పాలవాడు క్యాను మూత తీస్తే నీళ్లు కలిపాడేమోనని చూస్తుంది. చక్కెర బస్తా దిగితే కుట్టు విప్పి మళ్లీ కుట్టారేమోనని చూస్తుంది. గుళ్లో పూజారి శఠగోపం పెడితే, ముందున్న ఆమెకు ఇంకాస్త సేపు పెట్టాడేమోనని అది కూడా చూస్తుంది.

అంత మనిషీ గురవయ్య జోలికి మాత్రం పెద్దగా పోయేది కాదు. గురవయ్య ఆమె అత్తగారి కాలంనాటి వంటవాడు. రాచర్ల నుంచి పొద్దున్నే మొదటి ఆటోకు వచ్చి, పెద్ద బాండలి ముందు నిలబడి, పాలు ఎర్రబడేదాకా గరిటె తిప్పుతాడు. ఆ కోవా కోసం నంద్యాల పోయే బండి దిగి మళ్లీ ఎక్కేవాళ్లున్నారు. కోటిరత్నం ఆయన్ను "మామా" అని పిలుస్తుంది. ఆమె పిల్లలిద్దరికీ నోట్లో పెట్టిన మొదటి తీపి ఆయన చేతి కోవానే.

కట్టెల పొయ్యితో పొగ ఎక్కువైందని పక్కవాళ్లు గొడవ పెడితే, నాగేశ్వర్లు గుళికల పొయ్యి తెప్పించాడు. వేరుశనగ పొట్టునూ రంపపు పొట్టునూ ఒత్తి చేసిన గుళికలు పెట్టెలో పోస్తే, అవి కొంచెం కొంచెంగా నిప్పుకుండలోకి పడతాయి. కింద ఫ్యాను గాలి కొడుతుంది. అంటించడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. కుండకు ఆనుకుని చిటికెనవేలంత తెల్లటి రాడ్డు ఒకటి ఉంటుంది. బటన్ నొక్కితే అది ఎర్రగా కాలి గుళికలను అంటిస్తుంది. పొయ్యి బిగించేవాళ్లు గోడ వాటం చూసి పెట్టబోతే కోటిరత్నం ఒప్పుకోలేదు. పొయ్యి ముఖం తూర్పుకే ఉండాలంది. వాళ్లు గొణుక్కుంటూ తిప్పి పెట్టి పోయారు. రాడ్డు తూర్పు వైపుకు వచ్చింది.

మొదటిరోజు గురవయ్య దాని చుట్టూ తిరిగి చూసి, "దీనికి నిప్పు గూడా కరెంటోళ్లే ఇయ్యాల్నా" అన్నాడు. ఆ మాటకు అప్పుడందరూ నవ్వారు. కోటిరత్నం కూడా నవ్వింది, కానీ మాటను దాచిపెట్టుకుంది. ఆమె నవ్వుతూ దాచుకున్న మాటలు ఏనాడో ఒకనాడు వడ్డీతో సహా బయటికొస్తాయి.

కొన్నాళ్లకు ఒక శనివారం పొద్దున బటన్ నొక్కితే రాడ్డు ఎర్రబడలేదు. చేత్తో అంటిస్తే గుళికలు సగం కాలి సగం మసై, కోవాకు పొగవాసన పట్టింది. చేసేది లేక పెరట్లో పాత కట్టెల పొయ్యి రాజేశారు. మోటార్లు బాగుచేసే ఆదినారాయణ వచ్చి రాడ్డు ఊడదీశాడు. మధ్యలో పగిలి ఉంది. "పింగాణీ కదా పెద్దమ్మా, ఒక్కోటి నాసిరకం వస్తాది" అని కొత్తది వేశాడు. మూడు వారాలకు అదీ పోయింది. అప్పుడూ శనివారమే. ఇంకో రాడ్డు, ఇంకో శనివారం.

కోటిరత్నం ముందు ఆదినారాయణనే అనుమానించింది. వాడి కొట్లో రాడ్డులు అమ్ముడుపోవాలంటే మన పొయ్యిలో రాడ్డులు పోవాలి కదా అనుకుంది. కానీ వాడు తర్వాతి రాడ్డు తెచ్చుకోవడానికి ఆమెనే ఎవరినైనా ఒంగోలు పంపమన్నాడు. ఆ దారి మూసుకుపోయింది. తర్వాత అనుమానం గుళికలు అమ్మే పెద్దారవీడు మిల్లువాడి మీదికి పోయింది. గుళికల్లో రాళ్లు కలిపాడని చాటలో పోసి చెరిగింది, రాయి దొరకలేదు. కరెంటు ఆఫీసు మీదికి కూడా పోయింది గాని, ఊరందరి ఫ్రిజ్‌లూ బాగానే ఉన్నాయి.

అప్పుడు ఆమె శనివారాల సంగతి ఆలోచించింది. శనివారం పొద్దున వెలగడం లేదంటే అది చెడింది శుక్రవారం. శుక్రవారం ఎవరొస్తారు? కట్టెల పుల్లయ్య వస్తాడు. సంతకు ట్రాక్టరు తోలుకొచ్చి, పాత అలవాటు కొద్దీ దుకాణం వెనక ఆపి, "కట్టెలు దించాల్నా" అని అడిగి పోతాడు. గుళికల పొయ్యి వచ్చాక వాడి బేరం పోయింది. రాడ్డు చెడిన రోజు మాత్రం మళ్లీ కట్టెలు కావాలి. ఆ పుల్లయ్య ఎవరు? గురవయ్యకు స్వయానా బావమరిది.

ఇంక చెప్పేదేముంది. నిప్పు లేనిదే పొగ రాదు. ఈ దుకాణంలో నిప్పు ఎవరి చేతిలో ఉంది?

"నువ్వు గురవయ్యను అంటున్నావా?" అన్నాడు నాగేశ్వర్లు, ఆ మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ.

"నేను ఎవరినీ అనడంల్యా. శుక్రవారం వాళ్ల బావమరిది వస్తాడు, శనివారం పొయ్యి చెడుతాది. నువ్వే కలుపుకో."

"ఆయన మా అమ్మ చేతికింద పని నేర్చుకున్న మనిషే."

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడా పట్టలేడంట. ఈశ్వరునికి తీరిక లేదేమో, నాకుంది. ఈ శుక్రవారం నేనే పట్టుకుంటా. చేతికి దొరికితే ఆ రోజే లెక్క చూసి పంపిచ్చేస్తా, నువ్వు అడ్డం రావద్దు."

"పంపిచ్చినాక కోవా ఎవరు తిప్పుతారు?"

"ఎవరో ఒకరు తిప్పుతారు."

ఆ మాట అని ఆమె కూడా కాసేపు ముద్ద ఎత్తలేదు. ఆ ఎవరో ఒకరు లేరని ఆమెకు తెలుసు. గురవయ్య పోతే దుకాణం పేరు పోతుంది. అయినా దొంగను దగ్గర పెట్టుకుని నిద్రపోయే రకం కాదామె. కోపం ఒక పక్క, భయం ఒక పక్క. రెంటికీ మధ్య చెప్పుకోలేని బాధ ఒకటి. ఆయన అట్లాంటివాడు కాకపోతే బాగుండునని ఆమెకూ ఉంది.

ఆ వారమంతా ఆమె గురవయ్యను "మామా" అని పిలవలేదు. "గురవయ్యా, బాండలి దించు" అంటే ఆయన ఒకసారి తలెత్తి చూసి దించాడు. మంచినీళ్లకు పోతే వెనకే పోయి నిలబడింది. గుళికల పెట్టె దగ్గర వంగితే దగ్గింది. గురువారం సాయంత్రం ఆయన తుండుతో చేతులు తుడుచుకుంటూ నాగేశ్వర్లు దగ్గరికి పోయి, "అయ్యా, మార్కాపురం హోటలోళ్లు ఎప్పటినుంచో పిలుస్తున్నారు. ఇన్నేండ్లు పోలేదు. ఇప్పుడు పోదామనిపిస్తాంది" అన్నాడు. నాగేశ్వర్లు ఏదో సర్దిచెప్పబోయాడు. సరుకుల గదిలోంచి విన్న కోటిరత్నం మాత్రం, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు అనుకుంది.

శుక్రవారం ఆ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. అత్తగారు పెట్టిపోయింది. పొయ్యికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, వెలిగించగానే చిన్న ఇత్తడి గిన్నెలో ఆ రోజు మొదటి పాలు పెట్టి పొంగించాలి. పొంగిన పాలు తూర్పు వైపుకు జారితే ఆ వారమంతా శుభం. పడమటికి జారితే ఇంట్లో సొమ్ము ఎవరి చేతిగుండానో బయటికి పోతుందని అత్తగారి మాట. గిన్నె నింపి పొయ్యి మీద పెట్టేది గురవయ్య. కోటిరత్నం వంటశాల పక్కనున్న దేవుని గదిలో హారతి వెలిగించి తెచ్చి, కళ్లు మూసుకుని చేతులు జోడిస్తుంది. చుయ్యిమన్న చప్పుడు వినిపించాకే కళ్లు తెరిచి ఏ పక్క పొంగిందో చూస్తుంది.

ఆ శుక్రవారం ఆమె హారతికని లేచి పోయినట్టే పోయి, సరుకుల గది తలుపు వెనక నిలబడింది. తలుపు సందులోంచి పొయ్యి చక్కగా కనబడుతోంది. ఒంగోలు నుంచి తెప్పించిన కొత్త రాడ్డును ఆదినారాయణ ముందురోజే వేసి పోయాడు. గురవయ్య బటన్ నొక్కాడు. రాడ్డు ఎర్రబడింది, గుళికలు అంటుకున్నాయి. గిన్నెలో పాలు నింపి పొయ్యి మీద పెట్టాడు. ఒకసారి దేవుని గది వైపు చూశాడు. తర్వాత మొలలోంచి ఏదో తీసి, వంగి, గిన్నె కింద పడమటి వైపు దోపాడు.

పట్టుకున్నానన్న సంతోషం రావాల్సిన చోట కోటిరత్నానికి దిగులు పుట్టింది. అయినా కదల్లేదు. పాలు పొంగాయి. గిన్నె తూర్పుకు వాలి ఉంది కాబట్టి నురగంతా తూర్పుకే జారి, చుయ్యిమంటూ పొయ్యిలోకి దిగింది. గురవయ్య గబగబా ఆ ముక్కను పట్టకారుతో లాగి, నీళ్ల చెంబులో ముంచి మళ్లీ మొలలో పెట్టుకున్నాడు.

"దాన్నిట్ల తీయి" అంది కోటిరత్నం, తలుపు తోసుకుని వచ్చి.

గురవయ్య చెయ్యి మొల దగ్గరే ఆగిపోయింది.

"ఏందది? నా కండ్లతో చూసినా. పొయ్యిలో ఏం పెట్టినావు?"

"ఏం పెట్టలేదమ్మా."

"ముందు పొయ్యి ఆపు. ఏమయ్యా, ఇట్ల రా. ఆదినారాయణకు ఫోన్ చేయి, వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు."

నాగేశ్వర్లు గల్లా వదిలి వచ్చాడు. పెరట్లో ట్రాక్టరు చప్పుడైంది. పుల్లయ్య తలుపులో తల పెట్టి, "కట్టెలు దించాల్నా" అన్నాడు. కోటిరత్నం వాడి వైపు చూసిన చూపుకు, "సంత చూసుకుని వస్తాలే" అని వెనక్కి తిరిగిపోయాడు. గురవయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఆమెకు నేరం ఒప్పుకున్నట్టే కనబడింది.

పొయ్యి చల్లారాక ఆమె స్వయంగా బటన్ నొక్కింది. ఎంతసేపు నొక్కినా రాడ్డు ఎర్రబడలేదు. నిన్ననే వేసిన రాడ్డు. "చూసినావా?" అంది మొగుడితో. ఆయన తల దించుకున్నాడు. గురవయ్య మొహంలో మాత్రం నిజమైన ఆశ్చర్యం కనబడింది. అది చూసి ఆమె, అబ్బో, నటన కూడా వచ్చు అనుకుంది.

ఆదినారాయణ సంచి తెచ్చి కింద కూర్చుని, నిప్పుకుండ ఊడదీసి, టార్చి వేసి చూశాడు. స్క్రూడ్రైవరు మొనతో లోపల గీకాడు. గోధుమరంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడ్డాయి. ఒకటి తీసి వాసన చూశాడు.

"ఇదేంది పెద్దమ్మా, పొయ్యిలో కోవా చేస్తున్నారు? మాడిన పాలివి, పొరలు పొరలుగా ఉన్నాయి. ఎర్రగా కాలే రాడ్డు మీద పాలు పడితే పింగాణీ పగలకుండా ఉంటుందా? ఇన్నాళ్లూ నా రాడ్డుల్ని తిట్టినావు గదా. కొద్దిగా పొంగితే పైన్నే మాడిపోయింటాది, గట్టిగా పొంగిన వారం లోపలికి దిగి రాడ్డు పోయింటాది. రాడ్డు తూర్పునే ఉంది, పాలు గూడా తూర్పుకే పోసినట్టున్నారు."

తానే నిప్పు పెట్టుకుని ఇల్లు తగలబడిందని ఏడ్చినట్టుంది కోటిరత్నం పరిస్థితి. వారం వారం పాలు పొంగించమనేది ఆమె. పొయ్యి ముఖం తూర్పుకే ఉండాలని పట్టుబట్టింది కూడా ఆమే. కానీ అనుమానం అంత సులువుగా చేతులెత్తదు. మొలలో దోపుకున్నది ఉంది కదా.

"అట్లయితే ఆ గిన్నె కింద నువ్వు పెట్టిందేంది?" అంది గురవయ్యతో.

గురవయ్య మొలలోంచి తీసి అరచేతిలో చూపించాడు. అది పలక ముక్క. మార్కాపురం పక్కన ఎక్కడ కాలు పెట్టినా దొరికే నల్లరాయి ముక్క, బొటనవేలంత. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఒక రోజులోనో రెండు రోజుల్లోనో వచ్చిన నునుపు కాదది.

"పాలు తూర్పుకు పొంగాలని ఎత్తు పెడతానమ్మా. ఆ పాలు పోయి రాడ్డు మీద పడతాయని నాకు తెలవదు. తెలిసింటే పెట్టేవాణ్ణి కాదు. అట్ల చూస్తే పొయ్యిని చెడగొట్టింది నేనే. నీ అనుమానం నిజమే."

అనుమానం నిజమైంది. అయినా గెలిచినట్టు లేదు ఆమెకు.

"ఎందుకు పెట్టినావు?" అంది. గొంతు ముందున్నంత గట్టిగా లేదు.

గురవయ్య చెప్పాలా వద్దా అన్నట్టు నాగేశ్వర్లు వైపు చూశాడు. ఆయన నేల చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది కోటిరత్నానికి, ఈ సంగతి తన మొగుడికి కూడా తెలుసని.

"పడమటికి పొంగిన రోజు నువ్వు మనిషివి గావమ్మా" అన్నాడు గురవయ్య మెల్లగా. "ఆ రోజంతా మా చేతులు చూస్తావు, సంచులు చూస్తావు. నీ అత్త పోయిన ఏడు ఒక శుక్రవారం అట్లనే పడమటికి పొంగింది. వెండి చెంచా కనపడలేదని అంట్లు తోమే మార్తమ్మను అందరి ముందర కొంగు విప్పి దులపమన్నావు. ఆమె దులిపింది, ఏం రాలేదు. చెంచా సాయంత్రం దేవుని గదిలోనే దొరికింది. ఆమె మాత్రం మల్ల పనికి రాలేదు. మేం రాచర్ల ఆటోలో కలిసి వచ్చేటోళ్లం. ఆ రోజు ఆటోలో దారి పొడుగునా ఏడ్చింది. ఆ వచ్చే శుక్రవారం నుంచి పెట్టినా ఈ ముక్క. తూర్పుకు పొంగితే నువ్వు బంగారం లాంటి మనిషివి. అందరికీ టీ ఇప్పిస్తావు, పిల్లోళ్లకని కోవా కట్టిస్తావు."

కోటిరత్నం గుళికల బస్తా మీద కూలబడింది. మార్తమ్మ కొంగు దులిపిన సంగతి ఆమె మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండడం అలవాటు చేసుకుంది, అంతే. పాలు తూర్పుకు పొంగిన వారాలన్నీ ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తూర్పుకు పొంగిందనే ధైర్యంతో చేసిన పనులు ఎన్నో.

"పక్క కొట్టు కొన్న వారం?" అంది.

"పెట్టినా."

"పెద్దోడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు? దేవుడు చూసుకుంటాడు అనుకొని ఆ రోజు అన్నం తిన్నా నేను."

"ఆ రోజు రెండు ముక్కలు పెట్టినా. నీ మొహం చూడలేకపోయినా."

నాగేశ్వర్లు తుండు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఆదినారాయణకు ఎటు చూడాలో తెలియక పగిలిన రాడ్డును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆమె ఏ దేవుడికైతే చేతులు జోడించిందో ఆ దేవుడు రాచర్ల నుంచి ఆటోలో వచ్చి, చెమట కారుతూ తన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ మనిషి వెనక ఈ వారమంతా తను దొంగ వెంట తిరిగినట్టు తిరిగింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గురవయ్య పలక ముక్కను పొయ్యి గట్టు మీద పెట్టాడు. భుజం మీది తుండు తీసి మడిచాడు.

"ఇయ్యాల్టి పాలు తిప్పి పోతానమ్మా. ఆ తర్వాత మార్కాపురమే. నీ మీద కోపం గాదు. పొద్దున లేస్తే నన్ను ఎవరు ఎట్ల చూస్తారో అని రావడం ఈ వయసులో నా చేత గాదు."

"తప్పయింది మామా" అంది కోటిరత్నం.

ఆ మాట ఆమె నోటినుంచి నాగేశ్వర్లు వినడం పెళ్లయ్యాక అదే మొదలు. గురవయ్య తుండు మడత విప్పలేదు, మళ్లీ భుజం మీద వేసుకోనూ లేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆదినారాయణ తన పనిలో పడ్డాడు. "కొత్త రాడ్డు ఉట్టిగనే వేస్తే మల్ల పగులుతాది. ఈసారి స్టీలు గొట్టంలో పెట్టి, ఏటవాలుగా బిగిస్తా. పైన చిన్న రేకు చూరు మాదిరి వంచుతా, చుక్క లోపలికి దిగదు. వేడిగాలే పోయి గుళికల్ని అంటిస్తాది. అయినా పాలు పొంగే పక్క పెట్టకుండా ఎదుటి పక్క రంధ్రం వేస్తే ఇంకా మంచిది." డ్రిల్లు తీసి ప్లగ్గులో పెట్టి, తల ఎత్తాడు. "ఏ పక్క వేయమంటావు పెద్దమ్మా? నీ పాలు ఏ పక్కకు పొంగుతాయి?"

కోటిరత్నం బస్తా మీది నుంచి లేచింది. పొయ్యి వైపు చూడలేదు, దేవుని గది వైపూ చూడలేదు.

"నన్ను అడుగుతావేంది నాయనా" అంది. "ఆయన్ను అడుగు. ఈ ఇంట్లో పాలు ఏ పక్కకు పొంగాల్నో ఆయనకు తెలిసినట్టు నాకు తెలవదు. ఆయన ఉంటే ఆయన చెప్పిన పక్క వేయి. పోతే వేయొద్దు, మూసిపెట్టు."

ఆదినారాయణ డ్రిల్లు పట్టుకుని గురవయ్య వైపు చూశాడు. గురవయ్య చాలాసేపు చేతిలోని తుండునే చూశాడు. క్యానుల్లో పాలు అప్పటికే ఎండకు వేడెక్కుతున్నాయి, ఇంకాసేపుంటే విరుగుతాయి.

"పడమర వేయి" అన్నాడు.